రాయి బిడ్డా, రాయి

వాషింగ్ మెషిన్ లోపల ఏదో టకటకా కొట్టుకుంటుంటే ఆపి మూత తీశాను. మా పాప బడి గౌను జేబులోంచి జారిన రాయి. రేగుపండంత ఉంది, ఎర్రగా, సబ్బు నురగలో తడిసి మెరుస్తోంది. రేగుపండంత అంటే సరిగ్గా గొంతుకు అడ్డం పడేంత. చేతులైనా తుడుచుకోకుండా లోపలికి పరిగెత్తి, నిద్రపోతున్న పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకున్నాను. నోట్లో ఇంకో రాయి దాచుకుందేమోనని బుగ్గ కూడా నొక్కాను. అది విసుక్కొని అటు తిరిగి పడుకుంది. నేను ఇలాంటి తల్లినవుతానని పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. ద్రాక్షపండును కూడా ముక్కలు చేసి పెడతాను, జ్వరం లేకపోయినా నుదురు ముట్టి చూస్తాను, బడి ఆటో రెండు నిమిషాలు ఆలస్యమైతే వీధి చివరి దాకా నడుస్తాను. మా ఆయనకు ఈ వారం రాత్రి డ్యూటీ. భయం చెప్పుకోవడానికి మనిషి లేక జనగామలో ఉన్న బాపుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "జాలజీ బిడ్డకు పుట్టిన పిల్ల రాళ్ళేరక రత్నాలేర్తదా? పండుకో పో" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక నిద్ర ఎక్కడిది? భూపాలపల్లిలో మా క్వార్టర్ వంటింట్లో, ఆ రాయిని ఎదురుగా పెట్టుకొని ఇది రాస్తున్నాను.

మా బాపు బస్సు కండక్టరు. రోజంతా ఊళ్ళ పేర్లు అరిచే మనిషి కాబట్టి, ఏ మాటనైనా గంట కొట్టేలోపు ముగిసేటట్టు కుదించేసేవాడు. రఘునాథపల్లి ఆయన నోట్లో రగ్నపల్లి. స్టేషన్ ఘన్‌పూర్‌లో స్టేషన్ ఎప్పుడో జారిపోయి ఒట్టి గన్‌పూరు మిగిలింది. నర్మెట్ట ఒక్కటే పుట్టుకతో పొట్టిది కనుక దాన్ని పూర్తిగా పలికేవాడు, కోసే పని తప్పినందుకు సంతోషంతో కాబోలు, రెండేసి సార్లు. ఇంట్లోనూ ఇదే వరస. నా పేరులో మొదటి అక్షరం తప్ప ఆయన ఏనాడూ వాడలేదు, మిగతావి కొత్తవిలాగే ఉండిపోయాయి. ఈ కుదింపులోనే మా ఇంట్లో రెండు శాస్త్రాలు కలిసిపోయాయి. జంతువుల గురించి చెప్పే జువాలజీ, రాళ్ళ గురించి చెప్పే జియాలజీ, రెండూ బాపుకు జాలజీయే.

నేను డిగ్రీలో చదివింది మాత్రం మొదటి జాలజీ. డాక్టరు చదువుకు ర్యాంకు రాలేదు. "డాక్టర్ గాకుంటే డాక్టర్ పక్కింటి చదువన్న చదువు" అని బాపు నన్ను జనగామలోనే బొటనీ, జువాలజీ, కెమిస్ట్రీలో చేర్పించాడు. ఆయన లెక్క ఆయనకుంది. జువాలజీ చెప్పే ఒక లెక్చరర్ మేడం రోజూ ఆయన బస్సులోనే వచ్చేది. ఇస్త్రీ చీర, చేతిలో గొడుగు, భుజాన సంచి. డ్రైవరు వెనకాల ముందు సీటు మీద బాపు తన తువ్వాల వేసి ఆమె కోసం ఆపేవాడు. ఎంత తొక్కిసలాటలోనైనా ఆ తువ్వాలను ఎవరూ కదిలించేవారు కాదు. నేను కూడా పీజీ చేసి, ఆ సీట్లో అట్లాగే గొడుగు పట్టుకుని కూర్చోవాలని ఆయన కోరిక. ఈ కోరికను మాకు చెప్పింది తక్కువ, ప్రయాణికులకు చెప్పింది ఎక్కువ. నర్మెట్ట తొవ్వలో నేను మేడం కాబోతున్నానని తెలియని మనిషి ఉండేవాడు కాదు. నాకే అంత గట్టిగా తెలియదు.

రెండో ఏడు పరీక్షలయ్యాక వేసవిలో మామ ఇంటికి వచ్చాను. మామ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, ఇదే భూపాలపల్లిలో బొగ్గు పని. ఇక్కడ గనిని కూడా, నీళ్ళ బావిని అన్నట్టే, బాయి అంటారు. మామ బాయికి పోయిండంటే నేల కిందికి దిగిపోయిండని అర్థం. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకునే రోజులు. దండెం మీద ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేవి. ఒకరోజు మామ డ్యూటీ దిగి వచ్చి, కళ్ళ చుట్టూ కాటుకలా మసితో, టిఫిన్ డబ్బాలోంచి ఒక పలకరాయి ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ఆకు ఉంది. బొమ్మ కాదు, ఆకే. నాలుకలా పొడుగ్గా, నడుమ ఈనె, దానికి అటూ ఇటూ వల అల్లినట్టు సన్న ఈనెలు. "చెట్ల చదువు చదువుతున్నవ్ గదనే కోడలా, గీ ఆకు ఏ చెట్టుదో చెప్పు" అన్నాడు. నేను రాయిని తిప్పి చూశాను, ఎండలో పెట్టి చూశాను, తెలియదన్నాను. "రెండేండ్ల సంది ఏం జేసినవ్ మరి? మొలకలు లెక్కపెట్టినవా?" అని మామ నవ్వుకుంటూ స్నానానికి పోయాడు.

ఆ ప్రశ్న మాత్రం నాతోపాటు బస్సెక్కి జనగామకు వచ్చేసింది. నా పుస్తకాల్లో ఆ ఆకు లేదు. లైబ్రరీలో వెతికితే తేలిందేమంటే, ఆ చెట్టు ఇప్పుడు భూమ్మీదే లేదు, దాని సంగతి చెట్ల పుస్తకంలో కాక రాళ్ళ పుస్తకంలో ఉంటుంది. రాళ్ళ పుస్తకం పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ నేను కప్పలను కోసింది మార్కుల కోసం, ఈ పుస్తకం చదువుతున్నది ఊరికే. ఆ తేడా తెలిసిపోయాక కష్టం మొదలైంది. ఒక సీనియర్ అక్క చెప్పింది, కెమిస్ట్రీ చదివినవాళ్ళకు కూడా జియాలజీ పీజీలో కొన్ని సీట్లు ఉంటాయని. కాని ఆ ప్రవేశ పరీక్షకు ఓనమాల నుంచి సొంతంగా చదువుకోవాలి. రెండు పరీక్షలకూ తయారవడం నా వల్ల అయ్యే పని కాదు. రాళ్ళ వైపు పోయి సీటు రాకపోతే జువాలజీ కూడా పోతుంది, బాపు ముందు సీటు మీది తువ్వాల అట్లాగే మిగిలిపోతుంది. ఈ సంగతి తెలిసినది నా దోస్తు ఒక్కతే. తనది మహబూబాబాద్ అవతల బయ్యారం దగ్గర ఒక తండా, ఇంట్లో వాళ్ళ భాష వేరు, తల్లిని యాడి అని పిలుస్తుంది. ఇక్కడ హాస్టల్లో ఉండేది. బయ్యారం ఇనుపరాయి గురించి ఆ రోజుల్లో ప్రతి సభలోనూ మాట్లాడేవాళ్ళు. అది విన్నప్పుడల్లా దోస్తు నా చెవిలో, "మా యాడి వాటిని చేన్ల నుంచి ఏరి ఏరి గట్టు మీదేస్తది. బరువుకు నడుం పోతది. అవి ఖనిజమని ఎవలూ చెప్పలే పాపం" అనేది.

చివరి ఏడు మొదలై వానలు ముదిరే వేళకు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, కాలేజీ మూతపడింది, అక్కడ మామ బాయికి పోవడం మానేశాడు, ఇక్కడ బాపు ఇంట్లో పడ్డాడు. అరిచే ఊళ్ళు లేక ఆయన గొంతు ఇల్లంతా తిరిగేది. హాస్టల్ కూడా మూసేశారు. రైళ్ళ నమ్మకం లేదు కనుక దోస్తు తన ట్రంకుపెట్టెతో మా ఇంటికే వచ్చేసింది. ఇక చెప్పక తప్పదనుకొని, ఒక సాయంత్రం బాపు టీవీలో వార్తలు చూస్తుండగా ఎదురుగా నిలబడ్డాను. అందులో ఎవరో గొంతు చించుకుని మాట్లాడుతున్నారు. "బాపూ, పీజీకి జియాలజీ పరీక్ష రాస్త" అన్నాను. బాపు టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "జాలజీయే గదా? రాయి బిడ్డా, మంచిగ రాయి" అన్నాడు. అంతే. ఇన్ని నెలల భయం గంట కొట్టేంత సేపట్లో తీరిపోయింది. దోస్తు వంటింట్లోకి లాక్కుపోయి, "విన్నవా, రాయి రాయి అన్నడు. నీ సబ్జెక్టు పేరు రెండుసార్లు చెప్పిండు" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

మా అమ్మ మాత్రం నవ్వలేదు. బాపు ఊ అన్నాడన్న ధైర్యంతో నేను మామకు చెప్పాను, ఆయన ఫోన్లో చెప్పగా అమ్మకు రాళ్ళ సంగతి సరిగ్గానే అర్థమైంది. ఆ రోజు నుంచి ఇంట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా మోగడం మొదలుపెట్టాయి. అమ్మకూ బాపుకూ మధ్య నడిచిన వాదన నాకు తర్వాత తెలిసింది, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో అమ్మ దాన్ని నటించి చూపిస్తుంది. "నా తమ్ముడు బాయిల దిగితే మల్ల ఎక్కేదాక నాకు ముద్ద దిగది. ఇప్పుడు బిడ్డను సుత బాయిల దించుతవా? నీకు భయమన్న లేదా?" అని అమ్మ. బాపు తీరిగ్గా ఆలోచించి, "కప్పలు గావాలంటే బాయిల దిగాలె గదనే. గది ప్రాక్టికల్. పరేషాన్ గాకు, ఈత నేర్పిద్దాం" అన్నాడట. అమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, సమ్మెతో మనిషికి మతి చెడిందనుకొని లేచిపోయిందట.

వంటావార్పు రోజున హైదరాబాద్ రోడ్డు మీద జనగామంతా ఉంది. చూడనివాళ్ళ కోసం చెప్పాలంటే, అది రోడ్డు మీద బండ్లు ఆపి అక్కడే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చొని తినే నిరసన. రాత్రి కురిసిన వానకు తారు ఇంకా నల్లగా తడిగా ఉంది. ఎక్కడ చూసినా మూడేసి రాళ్ళు, వాటి మధ్య పచ్చికట్టెల పొగ, ఆ పొగలో చింతపండు వాసన, ఎవరి పిల్లలు ఎవరో తెలియని గోల. మా వాడకట్టు పొయ్యి మీద పెద్ద గుండిగ నిండా పప్పు ఎక్కింది, అమ్మ కలుపుతోంది. నేనూ దోస్తూ టమాటలు కోస్తున్నాం. మైకులో ఒకాయన మన బొగ్గు, మన ఇనుము అని అరిస్తే మా బాపు అందరికంటే గట్టిగా మనదే అన్నాడు. సమ్మెలో ఉన్నా ఖాకీ చొక్కా వేసుకునే వచ్చాడు, అది లేకపోతే రోడ్డు మీద ఆయనకు కాళ్ళు నిలవవు. నినాదం అయ్యాక, ఊపు తగ్గక ముందే, మా పొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"మా బిడ్డ జాలజీల పీజీకి పోతున్నది. రెండేండ్లు ఆగుండ్రి, కాలేజీల మేడం. నా బస్సుల ముందల సీటు."

"ఇంకా కప్పలు గోసుడేనా?" అంది పక్కింటి పెద్దమ్మ. ఆమె నోటికి వాడకట్టులో ఎవరూ ఎదురు నిలవరు.

"కప్పలు, పాములు, అన్ని" అన్నాడు బాపు గర్వంగా.

నా గుండెల్లో రాయి పడింది. కత్తి పక్కన పెట్టేశాను. దోస్తు ఆగలేకపోయింది. "బాపూ, గది జువాలజీ. ఇది రాయబోయేది జియాలజీ" అంది.

"గదే గదనే నేననేది. జాలజీ."

"గది గాదు బాపూ. గది జంతువులది. గిది రాళ్ళది."

బాపు నా వైపు చూశాడు. అమ్మ గరిటె ఎత్తి, "గిప్పుడు తెలిసిందా? నేను బాయి బాయని మొత్తుకుంటే కప్పలంటివి గద!" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బాపు నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు, అదే నాకు కష్టమనిపించింది. చిల్లర ఇవ్వడం మరచిపోయినవాడిలా నిలబడి, మెల్లగా అన్నాడు. "వరంగల్‌కు టికెట్ తీసుకొని ఎక్కినవ్ బిడ్డా. మూడేండ్లు కూసున్నవ్. ఊరు కనవడే యాల్లకు, నడిమిట్ల దిగి ఇంకో బస్సు ఎక్కుతనంటవా? గా బస్సు వస్తదో రాదో ఎవలకెర్క?"

నేను చెప్పడానికి ఏదో వెతుక్కుంటుంటే పెద్దమ్మ అందుకుంది. "రాళ్ళకు సుత చదువుంటదా? గట్లయితే గీ పొయ్యికి ఏ రాయి మంచిదో చెప్పరాదు?"

అది వెటకారమే. కాని నాకు దేవుడిచ్చిన అవకాశంలా తోచింది. బాపు చూస్తున్నాడు. లేచి నిలబడి మా పొయ్యిని పరీక్షగా చూశాను. మూడు రాళ్ళలో ఒకటి గరుకు కంకర బండ, అంచున సన్నని పగులు. అది పనికిరాదని ప్రకటించాను. రోడ్డు పక్కన కాలువలో నీళ్ళకు అరిగి నున్నబడ్డ నల్లరాయి ఒకటి, గుమ్మడికాయంత, చేతులకు చల్లగా, బరువుగా దొరికింది. ఇది గట్టిది, ఎంత మంటకైనా ఆగుతుంది అని లెక్చరర్ మేడం గొంతుతో చెప్పి, అమ్మ గుండిగ దించగానే రాయి మార్పించాను. పప్పు మళ్ళీ ఎక్కింది. మంట ఎగదోశారు. పప్పు కుతకుతలాడుతున్నప్పుడు ఠప్పున టపాకాయలాంటి చప్పుడు. నా గట్టి రాయి రెండు చెక్కలైంది. గుండిగ పక్కకు ఒరిగి, పప్పు పసుపుపచ్చగా, నురగగా, జాతీయ రహదారి మీద వాగులా పారింది.

అందరూ కాళ్ళు ఎత్తి వెనక్కి గెంతారు. తర్వాత పెద్దమ్మ నిదానంగా, "రాళ్ళ చదువు పొయ్యి కాడనే ఫేలాయె" అంది. ఇక ఆ నవ్వులు మైకు కంటే గట్టిగా ఉన్నాయి. పక్క పొయ్యిలవాళ్ళు కూడా లేచి వచ్చి, సంగతి తెలుసుకొని, మొదటి నుంచి నవ్వారు. నాకు ముక్కు మండింది, పొగకు కాదు. ఆకు పోయింది, పీజీ పోయింది, అంతా ఆ పప్పుతోపాటే కాలువలోకి పోయిందనుకున్నాను. బాపు మాత్రం ముందు నా దగ్గరకు వచ్చాడు. వంగి నా పాదాలు చూశాడు, చేతులు తిప్పి చూశాడు, ఎక్కడా కాలలేదని నమ్మకం కుదిరాక అమ్మనూ అట్లాగే చూశాడు. ఆ తర్వాతే నవ్వేవాళ్ళ వైపు తిరిగాడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. నేను ఇన్నేండ్లసంది బస్సుల ఉన్న. తొవ్వ తెలిసినోడు నన్ను ఎన్నడన్న అడిగిండా? కిటికి పక్కన కూసొని పంటడు. తెల్వనోడే నా ఊరొస్తే చెప్పన్నా అని అడుగుతడు. గీమెకు రాయి తెల్వది. చూసిండ్రు గదా, జర్రంత సుత తెల్వది. గందుకే పోతనంటున్నది. తెలిసిన కప్పల కాడికి మల్ల పోయి ఏం జేస్తది?"

 పెద్దమ్మ ఒరిగిన గుండిగను నిలబెట్టింది. బాపు నా వైపు తిరిగి, "పో బిడ్డా. కని పొయ్యి రాళ్ళు మాత్రం నువ్వు పెట్టకు" అన్నాడు. నేను తీసేయించిన కంకర బండను ఆయనే మోసుకొచ్చి మళ్ళీ పెట్టాడు. అది సాయంత్రం దాకా చెక్కు చెదరలేదు. పప్పు లేదు కనుక మా వాడకట్టు ఆ రోజు రోడ్డు మీద అన్నంలో చింతకాయ తొక్కు కలుపుకొని తిన్నది. అంత రుచిగా నేను మళ్ళీ ఎప్పుడూ తినలేదు, పిల్ల పుట్టాక మొదటిసారి కారం తిన్న రోజున తప్ప.

మరుసటి వేసవిలో పరీక్ష రాశాను. సీటు వచ్చింది, చిట్టచివరి సీట్లలో ఒకటి, అయినా సీటే. పీజీకి బయలుదేరిన రోజు బాపు డ్యూటీలో ఉన్న బస్సే ఎక్కాను. డ్రైవరు వెనకాల ముందు సీటు మీద తువ్వాల వేసి ఉంది. ఆ మేడం ఇంకో బస్సులో వస్తుందిలే అన్నట్టు బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు, నాకు టికెట్ కొట్టాడు. అమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే తొక్కు జాడీ కట్టి ఇచ్చింది. నున్నటి కాలువ రాయి సందుల్లో నీళ్ళు దాచుకుంటుందని, మంట తగిలితే ఆ నీళ్ళు ఆవిరై దాన్ని పగలగొడతాయని మొదటి ఏడు క్లాసులో చెప్పినప్పుడు, క్లాసంతా రాసుకుంటుంటే నేనొక్కదాన్నే నవ్వాను. మొదటిసారి రాళ్ళు చూడటానికి మమ్మల్ని తీసుకుపోయింది బయ్యారానికే. మా దోస్తు వాళ్ళ యాడి, గట్టు మీది రాళ్ళను నేను ముద్దుగా చేతుల్లోకి తీసుకుంటుంటే, తన భాషలో ఏదో అన్నది. దోస్తు తెలుగులో చెప్పింది. "అంత ఇష్టమైతే అన్నీ ఎత్తుకపొమ్మంటున్నది. చేను ఖాళీ అయితదట."

మామ ఆకు పేరు కూడా దొరికింది. ఫోన్ చేసి చెబితే, గంత పొడుగు పేరు మీ బాపుకు చెప్పకు, కోసి సగం చేస్తడు అన్నాడు. అది బతికి ఇరవై ఐదు కోట్ల ఏళ్ళు దాటింది మామా అన్నాను. మామ "గప్పుడు మనం ఆంధ్రలున్నమా, తెలంగాణల ఉన్నమా?" అని అడిగాడు. అప్పుడు మనమూ, ఆఫ్రికా, ఆస్ట్రేలియా అన్నీ ఒకే నేల, తర్వాత విడిపోయాయని చెప్పాను. "అరె! అవి సుత విడిపోయినయా?" అని మామ ఎంత సంబరపడ్డాడంటే, మరునాడు బాయిలో అందరికీ చెప్పాడట. రాష్ట్రం ఇంకా రాలేదు అప్పటికి. "ఖండాలే విడిపోయినయ్, మనదెంత" అని వాళ్ళు కొన్నాళ్ళు అనుకున్నారట.

ఇప్పుడు అదే మామ ఊళ్ళో, నేల లోపల్నుంచి తీసిన రాతి ముక్కలు చూసి ఏమిటో చెప్పే పని నాది. బాపు రిటైరయ్యాడు. తువ్వాల ఇప్పటికీ భుజాన ఉంటుంది, ఆపడానికి సీటు మాత్రం లేదు. నేను ఇందాక ఆయనతో ఫోన్లో, పిల్ల రాళ్ళు మింగుతుందేమోనని భయంగా ఉంది బాపూ అన్నప్పుడు, ఆ రోజు రోడ్డు మీద వంగి నా పాదాలు తిప్పి చూసిన మనిషికే చెబుతున్నానని తట్టలేదు. భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆయనది ఎక్కడ దాచుకున్నాడో తెలియదు, ఆ నున్నటి రాయి నీళ్ళు దాచుకున్నట్టు.

రాస్తూ రాస్తూ ఎర్రరాయిని దీపం కింద తిప్పి చూశాను. బయ్యారం రాయి రంగే, కాని అంత బరువు లేదు. ఇటుక ముక్క అరిగి ఇట్లా అయిందేమో, లేక నేను చూడని రాయేమో. పొద్దున లేవగానే పాప దీని కోసం వెతుకుతుంది, ఇది ఏం రాయి అమ్మా అని అడుగుతుంది. పారేద్దామనుకొని తీసినదాన్ని, కడిగి, పాపకు అందని ఎత్తున మామ ఆకు పక్కన పెట్టాను. ఏం చెప్పాలో ఇంకా తెలియదు. రాయికేం, ఎన్ని యుగాలైనా ఆగుతుంది. తెల్లవారడానికి తొందరంతా మనదే.